దిగేటప్పుడు కండరం చేసే పని

సభకు నమస్కారం. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది, దిగితే రాదు. అందుకే దిగడాన్ని మనం పనిగా లెక్కపెట్టం. కానీ కొండ ఎక్కి దిగిన మర్నాడు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోతే, ఆ నొప్పిలో సింహభాగం దిగినందువల్ల వచ్చినదే. ఈ పూట ఆ దిగుడు గురించే మాట్లాడతాను.

మెట్టు దిగేటప్పుడు వెనక కాలిని గమనించండి. ముందు పాదం కింది మెట్టును అందుకునేదాకా ఒంటి బరువంతా దాని మీదే. మోకాలు మెల్లగా వంగుతూ మనల్ని దించుతుంది. అది వంగుతున్నకొద్దీ తొడ ముందుభాగంలోని కండరం సాగుతుంది. సాగుతూనే బిగువు వదలకుండా పట్టి ఉంచుతుంది. వదిలితే కూలబడతాం. కండరం ఇక్కడ చేస్తున్నది బ్రేకు పని.

1952లో అబాట్, బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక చక్కని ప్రయోగాన్ని ప్రచురించారు. రెండు సైకిళ్లను వీపులు కలిపినట్టు నిలిపి, ఒకే గొలుసుతో జతచేశారు. ఒకరు ముందుకు తొక్కుతారు. రెండోవారు వెనక్కి తిరుగుతున్న పెడళ్లను కాళ్లతో అడ్డుకుంటారు. గొలుసు ఒక్కటే కనుక ఇద్దరూ పెట్టే బలం సమానం. ఆక్సిజన్ ఖర్చు మాత్రం సమానం కాదు. వేగాన్ని బట్టి, తొక్కే మనిషికి రెండు నుంచి ఐదు రెట్లు ఎక్కువ పట్టింది. చిన్నపాటి మనిషి కూడా బలాఢ్యుడిని తేలిగ్గా అలసిపోయేలా చేయగలిగే ఏర్పాటు ఇది. నాకు తెలిసిన శరీరధర్మశాస్త్ర ప్రయోగాల్లో ఇంత స్పష్టంగా కళ్లకు కట్టేది మరొకటి లేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? కండరంలో మయోసిన్, ఆక్టిన్ అనే రెండు ప్రోటీన్లు ఉంటాయి. మయోసిన్ తలలు ఆక్టిన్ తంతువులను పట్టి లాగడం వల్ల కండరంలో బలం పుడుతుంది. మామూలుగా ఆ పట్టు విడిపోవాలంటే ప్రతిసారీ ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే పదార్థం, ఒక అణువు కావాలి. కండరాన్ని బయటి బరువు సాగదీస్తున్నప్పుడు చాలా పట్లు ఆ బరువు వల్లనే ఊడిపోతాయి, మళ్లీ అతుక్కుంటాయి. ఏటీపీ ఆదా అవుతుంది. ఒక్కో పట్టు ఎక్కువ సాగి ఎక్కువ బలాన్ని ఆపుతుంది కూడా. అందుకే ఎత్తలేని బరువును సైతం మెల్లగా దించగలుగుతాం.

ఈ పొదుపుకు మూల్యం ఉంది. తక్కువ తంతువుల మీద ఎక్కువ భారం పడి, కొన్ని చోట్ల సూక్ష్మమైన దెబ్బలు తగులుతాయి. నొప్పి అప్పుడే తెలియదు. ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్లే ఈ నొప్పి అని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. అది తప్పు. వ్యాయామం ఆపిన గంట, రెండు గంటల్లోపే లాక్టేట్, అంటే ఒంట్లో ఆ ఆమ్లం ఉండే రూపం, మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మరో విశేషం, అదే పనిని వారం పది రోజుల తర్వాత చేస్తే నొప్పి చాలా తగ్గుతుంది. ఒక్కసారికే కండరం తనను తాను సర్దుకుంటుంది.

గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి, వృద్ధులకు ఈ దించే పని వల్ల ఎంత మేలో ఆలోచించండి. తక్కువ ఆయాసంతో కండరానికి గట్టి పని దొరుకుతుంది. అయినా వ్యాయామశాలల్లో ఎత్తిన బరువునే లెక్కిస్తారు, దించినదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇది నాకు బాధ కలిగించే విషయం. కుర్చీలో ధబ్బున కూలబడకుండా నాలుగైదు సెకన్లు తీసుకుని కూర్చోవడం కూడా ఈ తరహా వ్యాయామమే. అయితే మొదటి రోజు కొద్దిసార్లతో ఆపండి. ఎంత చేయగలరో ఆ రోజు సుఖాన్ని చూసి నిర్ణయించకండి, మూడో రోజుదాకా ఆగి చూడండి.