సీటు వచ్చింది సరే, అక్కడి చదువు లాగగలనా?

అందరికీ నమస్కారమండి. ఈ రోజు వీడియో మొత్తం ఒక్క మెసేజ్ గురించే. రాజోలు దగ్గర ఒక ఊరి నుంచి ఓ చెల్లి పంపింది. "అన్నయ్యా, నాకు వరంగల్ ఎన్ఐటీలో సీటు వచ్చింది. ఇంట్లో పండగలా ఉంది. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. అక్కడ అందరూ నాకంటే తెలివైనవాళ్లే ఉంటారు కదా, ఆ చదువు నేను లాగగలనా?" అని అడిగింది.

చెల్లీ, ముందు తెలివి సంగతి తేల్చేద్దాం. జేఈఈ రాసి ఆ సీటు తెచ్చుకున్నావు. ఆ కాలేజీ 1959లో ఆర్ఈసీగా, అంటే రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది. అప్పటి నుంచి మన వైపు పిల్లలు వెళ్తూనే ఉన్నారు, చదువు పూర్తి చేసుకుని వస్తూనే ఉన్నారు. నీ బుర్ర మీద నాకు అనుమానం లేదు. ఇబ్బంది వేరే చోట ఉంది, నేను దెబ్బ తిన్నది కూడా అక్కడే.

ఇంటర్ రెండేళ్లు ఎలా గడిచాయో గుర్తు తెచ్చుకో. తెల్లవారకముందే బెల్లు, స్టడీ అవర్, వారం వారం పరీక్ష. ఏ రోజు ఏ చాప్టర్ చదవాలో వాళ్లే చెప్పేవారు. పుస్తకం తెరవడం ఒక్కటే మన పని. పెద్ద కాలేజీలో ఆ బెల్లు ఉండదు. మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉన్నావని అడిగేవాళ్లూ ఉండరు.

మొదటి రోజు చేతికి వచ్చే సిలబస్ కాగితంలో ప్రతి సబ్జెక్టు పక్కనా 3-1-0 లాంటి అంకెలు ఉంటాయి. వారానికి మూడు లెక్చర్లు, ఒక ట్యుటోరియల్ (అంటే లెక్కలు చేయించి డౌట్లు తీర్చే క్లాసు), ల్యాబ్ లేదు అని దానర్థం. చూడగానే ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. రూముకి వచ్చాక ఆ లెక్చర్ మీద నువ్వు కూర్చోవాల్సిన గంటలు ఆ అంకెల్లో ఉండవు. అలాంటి సబ్జెక్టులు ఐదారు, పైన ల్యాబులు. అసలు బరువంతా ఆ కనపడని గంటల్లోనే ఉంది.

నా మొదటి మ్యాథ్స్ క్విజ్ లో 20కి 6 వచ్చాయి. క్లాసు ఒక్కటీ మానలేదు, కానీ ట్యుటోరియల్ షీట్లు నాలుగు వారాలవి అలాగే దాచుకున్నాను, ఆదివారం చేద్దాంలే అని. పేపర్లో మొదటి ప్రశ్న లిమిట్ నిర్వచనం రాసి, దాంతో ఒక చిన్న ఫలితం నిరూపించమని. ఇంటర్లో వందల లిమిట్లు చేశాను. ఆప్షన్లు చూసి జవాబు పట్టేసేవాణ్ణి. అసలు లిమిట్ అంటే ఏమిటో రాయమనేసరికి పెన్ను కదల్లేదు. ఆ రాత్రి అమ్మ పంపిన కొబ్బరి లౌజు డబ్బా ఒళ్లో పెట్టుకుని హాస్టల్ మెట్ల మీద కూర్చున్నాను, మూత కూడా తీయబుద్ధి కాలేదు.

నాన్నకి ఫోన్ చేసి ఏడ్చేశాను. మాది కాలువ చివర శివారు పొలం. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు తగ్గితే వంతులవారీగా వదులుతారని డెల్టాలో అందరికీ తెలిసిందే. మా వంతు రాత్రి పడితే నాన్న టార్చిలైటు, పార పట్టుకుని వెళ్లి, పొలానికి నీళ్లొచ్చే చిన్న కాలువకి, అదే బోదెకి, అడ్డం పడిన గుర్రపుడెక్క లాగేసి, మడిలోకి నీళ్లు ఎక్కేదాకా గట్టు మీదే కూర్చునేవారు. నేనూ కూడా వెళ్లేవాణ్ణి. ఆ రోజు ఫోన్లో ఆయన మార్కుల మాట ఎత్తలేదు. "ఒరే, వంతు రోజున పడుకుని, నాలుగు రోజులు పోయాక పార పట్టుకెళ్తే బోదెలో ఏముంటుందిరా?" అన్నారు.

ఆ మర్నాటి నుంచి ఏ క్లాసు లెక్కలు ఆ రోజు రాత్రే. అన్నీ వచ్చేవి కావు. రానివి గుర్తు పెట్టుకుని ట్యుటోరియల్లో అడిగేవాణ్ణి. మొదట్లో ఇంగ్లీషులో నోరు పెగిలేది కాదు, కాగితం చూపించి "సర్, దిస్ స్టెప్" అనేవాణ్ణి. అది సరిపోయేది.

కోడింగ్ ల్యాబ్ గురించి కూడా చెప్పాలి. మన ఎంపీసీలో కంప్యూటర్ సబ్జెక్టే లేదు. సీబీఎస్ఈలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పిల్లలు మొదటి ల్యాబులోనే టకటకా కొట్టేస్తుంటే గుండె జారుతుంది. వాళ్లు రెండేళ్ల ముందు మొదలుపెట్టారు, అంతే చెల్లీ. చేరేలోపు రోజూ ఒక అరగంట కూర్చో. ఐఐటీల వాళ్ల ఎన్పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషు లెక్చర్ కి చెవి కూడా అలవాటు పడుతుంది.

మార్కులు చూసి మాత్రం హడలిపోకు. ఇంటర్లో వెయ్యికి 980 చూసిన కళ్లకి 50కి 24 అంటే ప్రాణం పోయినట్టు ఉంటుంది. ఇలాంటి కాలేజీల్లో చాలా సబ్జెక్టులకి క్లాసు మొత్తం ఎలా రాసిందో చూసి గ్రేడు ఇస్తారు. పేపరు కష్టంగా వస్తే ఆ 24కే మంచి గ్రేడు రావచ్చు. ఒక సబ్జెక్టు పోయినా మళ్లీ రాసుకునే దారి ఉంటుంది. ఫ్యాకల్టీ అడ్వైజర్ అని, చదువు విషయంలో సలహా చెప్పడానికి ఒక లెక్చరర్ని ఇస్తారు. నేను ఆయన గది తలుపు తట్టడానికి నాలుగు నెలలు ఆలస్యం చేశాను. నువ్వు చేయకు.

ఈ వీడియో చూస్తున్న అమ్మానాన్నలకి ఒక్క మాటండి. పిల్లలు మార్కులు తగ్గాయని ఫోన్ చేస్తే, అప్పు చేసి పంపామని అప్పుడు అనకండి. ఆ మాటకి భయపడి మళ్లీ ఫోన్ చేయడం మానేస్తారు. మనసు మరీ బరువెక్కితే 14416కి, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ కి, ఫోన్ చేయొచ్చు. డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

చెల్లీ, టైం టేబుల్ చేతికి రాగానే ఫొటో తీసి నాకు పంపు. ఏ రోజు ఏ గంట ఖాళీగా ఉందో ఇద్దరం కూర్చుని చూద్దాం.