కొబ్బరి కొట్టు ల్యాప్‌టాప్: ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ మూట విప్పి చూద్దాం

నమస్కారమండి, అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల జనరేటర్ మోత వినిపిస్తే ఏమీ అనుకోకండి, పొద్దున్నుంచీ కరెంటు లేదు.

ఇవాళ రివ్యూ కొత్త ఫోనుకి కాదు. డెబియన్ 12 అనే లినక్స్‌లో, కంప్యూటర్ లేచేటప్పుడు వాడే ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ అనే ఫైల్లో ఏముందో చూపించేదొకటి, దాన్ని విప్పేదొకటి, రెండు కమాండ్లున్నాయి: ఎల్ఎస్‌ఇనిట్‌రామ్ఎఫ్ఎస్, అన్‌ఎంకేఇనిట్‌రామ్ఎఫ్ఎస్. పలకడానికి నోరు తిరగదు గానీ, మొన్న నా పరువు నిలబెట్టాయి.

అంబాజీపేటలో మా బాబాయికి కొబ్బరి కొట్టు ఉంది. లెక్కలు రాసే ల్యాప్‌టాప్‌కి డిస్‌ప్లే పోయింది. ఎస్ఎస్‌డీ తీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వేరే ల్యాప్‌టాప్‌కి తగిలించి, దాన్నుంచే బూట్ చేశాను. నల్ల స్క్రీన్ మీద బ్రాకెట్లో 'ఇనిట్‌రామ్ఎఫ్ఎస్' అన్న మాట, పక్కన కర్సర్. అంతే. "లెక్కలన్నీ పోయాయేంట్రా?" అని బాబాయికి ఒకటే టెన్షన్.

ఎక్కడికీ పోలేదండి. తప్పు నాదే. కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, లేవగానే డిస్కు తెరవాలి. తెరిచే డ్రైవరేమో ఆ డిస్కులోనే ఉంటుంది. అందుకని కావలసిన డ్రైవర్లని చిన్న మూట కట్టి, బూట్‌లోడర్‌తో ముందే మెమరీలోకి ఎక్కిస్తారు. ఆ మూటే ఇనిట్‌రామ్ఎఫ్ఎస్. నిరుడు చోటు కలిసొస్తుందని సెట్టింగుల్లో మాడ్యూల్స్, అంటే డ్రైవర్ల దగ్గర 'మోస్ట్' తీసి 'డెప్' పెట్టాను. డెప్ అంటే ఆ మెషీన్‌కి ఆ రోజు ఏవి కావాలో అవే. యూఎస్‌బీ డిస్కు డ్రైవర్ ఊసే లేదు.

స్క్రీన్ చూడండి. డిస్కు పాత ల్యాప్‌టాప్‌లో బిగించి, కొట్లో టీవీకి కలిపాను. ఎల్ఎస్‌ఇనిట్‌రామ్ఎఫ్ఎస్, ఇమేజ్ పేరు, అంటే మూట ఫైలు పేరు, గ్రెప్ యూఎస్‌బీ-స్టోరేజ్. అంటే యూఎస్‌బీ డిస్కు డ్రైవర్ ఉందా అని వెతకడం. ఏమీ రాలేదు, చూశారా? రీస్టార్ట్ చేసి చూడక్కర్లేకుండానే రోగం తెలిసిపోయింది.

లోపలి ఫైళ్లు చేతికి రావాలంటే రెండోది. కొందరు జీజిప్, జెడ్‌స్టాండర్డ్ లాంటి కంప్రెషన్ టూల్స్‌తో నేరుగా విప్పబోయి ఎర్రర్ చూసి ఫైలే పాడైందనుకుంటారు. మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్‌కి దిద్దుబాట్ల ప్యాకేజీ, ఉన్న మెషీన్లలో మొదటి భాగం కంప్రెస్ చెయ్యని సీపీఐఓ అనే ఫైళ్ల మూట, అసలు సరుకు దాని వెనకాల ఉంటుంది. పీచు తియ్యకుండా కాయ కొడితే ఏమవుతుంది? ఈ కమాండ్ అయితే 'ఎర్లీ', 'మెయిన్' అని రెండు ఫోల్డర్లు చేసి పెడుతుంది.

కంప్రెషన్ సంగతంటారా, ఎక్స్‌జెడ్ ఫైలుని బాగా చిన్నది చేస్తుంది గానీ ఈ పాత ప్రాసెసర్ మీద టీ తాగి రావచ్చు. ఎల్‌జెడ్4 చిటికెలో విప్పుకుంటుంది, ఫైలు లావు. డీఫాల్ట్‌గా వచ్చే జెడ్‌స్టాండర్డ్‌ని కదపకండి.

ఇప్పుడు డెప్ తీసి మోస్ట్. అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ డాష్ యూ, అంటే మూట మళ్లీ కట్టమని. మళ్లీ గ్రెప్... ఇదిగో, వచ్చింది! డిస్కు డబ్బాలోకి మార్చాను, లెక్కలు తెరుచుకున్నాయి. ఈలోపు నేను తాగిన రెండు బొండాలూ బాబాయి నా ఖాతాలోనే రాసేశాడు.