జేబులో పట్టే పాటల ప్లేయర్ కొనబోయే ముందు

శ్రోతలకు నమస్కారం. తిరుపతి గాంధీ రోడ్డులో ఏదైనా ఎలక్ట్రానిక్ సామాన్ల అంగడికి పోయి “పాటలు వినే చిన్న ప్లేయర్ ఉందా అన్నా” అని అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూసి “ఫోనుంది కద సార్, ఇంక అదెందుకు” అంటారు. వాళ్ళ మాటలోనూ న్యాయం లేకపోలేదు. 2001లో ఐపాడ్ తెచ్చిన ఆపిల్ కంపెనీయే 2022లో దాన్ని ఆపేసింది. అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఫోన్ చేతికిస్తే పిల్లలు వీడియోల్లో పడతారని భయపడే తల్లిదండ్రులు, టచ్ స్క్రీన్ అంటేనే చిరాకుపడే పెద్దవాళ్ళు, పొద్దున్నే అలిపిరి వైపు నడకకు పోయేవాళ్ళు.

వీళ్ళంతా ముందు అడిగేది ఎన్ని జీబీలని. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. 128 కేబీపీఎస్ (పాట నాణ్యతను చెప్పే అంకె ఇది) ఎంపీ3 పాట నిమిషానికి దాదాపు ఒక ఎంబీ తింటుంది, అంటే నాలుగు నిమిషాల పాటలు 16 జీబీ మెమరీ కార్డులో మూడున్నర వేలకు పైనే పడతాయి. ఇంకా నాణ్యమైన 320 కేబీపీఎస్ రకం వేసుకున్నా పదిహేను వందలకు తక్కువ కాదు. రోజూ బస్సులో చిత్తూరు పోయి వచ్చేవాళ్ళకైనా ఇది చాలదా? పైగా చవక ప్లేయర్లు చాలావరకు 32 జీబీ దాటిన కార్డు చదవవు, ఆ పై కార్డుల్లో ఫైళ్ళు సర్దేది ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో, ఈ ప్లేయర్లకేమో ఫ్యాట్32 అనే పాత పద్ధతి తప్ప తెలీదు.

అసలు చూడాల్సింది, ఆపిన చోటు గుర్తుపెట్టుకుంటుందా లేదా అని. సినిమా పాటలకైతే ఫర్వాలేదు. కానీ మన పెద్దవాళ్ళు వినేది గంటన్నర ప్రవచనం, కాకపోతే హరికథ. గంటసేపు విని, ఆపి, అన్నం తిని వచ్చి మళ్ళీ ఆన్ చేస్తే మొదటి శ్లోకం దగ్గర్నుంచి ఎత్తుకుంటే ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి! అందుకే పెద్ద ఫైలు ఒకటి మీ కార్డులో వేసుకుని అంగడికి పోండి. బటన్ నొక్కిపట్టి సగం దాకా జరపండి, ఆపండి, మళ్ళీ ఆన్ చేయండి. అంగడివాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీండి. అప్పుడే స్క్రీన్ కూడా చూడండి, ఫైలు పేరు తెలుగులో ఉంటే చాలావాటిలో గళ్ళో ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో మార్చి, ముందు 01, 02 అని వేసుకుంటే వరుస తప్పదు. అసలు స్క్రీనే లేని, చొక్కాకు తగిలించుకునే క్లిప్పు రకం మూడు నాలుగు వందలకే వస్తుంది, యాభై పాటలు వేసుకుని నడవడానికి భేషుగ్గా ఉంటుంది, వెయ్యి పాటలు వేశారా, కావాల్సింది వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే.

ఇంకో సంగతి, ఫోన్‌లో పాటల యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నవి ఈ ప్లేయర్లోకి ఎక్కించలేరు. అవి ఆ యాప్ లోపలే పాడతాయి. మీ దగ్గరున్న సీడీలనో, డబ్బు కట్టి కొన్న ఎంపీ3లనో వేసుకోవాల్సిందే.

ఎఫ్ఎం గురించి చెప్పకపోతే రేడియోలో కూర్చుని బాగుండదు. ఈ చిన్న ప్లేయర్లలో మామూలుగా ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్. బ్లూటూత్ ఉంది కదా అని తీగ పీకేస్తే గరగర తప్ప ఏమీ రాదు. కాబట్టి 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉందో లేదో చూసుకోండి.

ఇవన్నీ విన్నాక టెన్షన్ ఎందుకనుకుంటే, కార్డు పట్టే కీప్యాడ్ ఫోన్ ఒకటి కొని సిమ్ వేయకుండా వాడుకోండి. నిజం చెప్పాలంటే పెద్దవాళ్ళకు నా ఓటు దానికే. బటన్లు చేతికి తగులుతాయి, స్పీకరూ ఎఫ్ఎమ్మూ ఉంటాయి, బ్యాటరీ చెడితే వెనక మూత తీసి కొత్తది వేసుకోవచ్చు. క్లిప్పు ప్లేయర్లో బ్యాటరీ పోయిందంటే ప్లేయరే పోయినట్టు.

అన్నట్టు, కొండకు పోయేటప్పుడు ఇది ఫోన్ కాదు కదా అని శ్రీవారి దర్శనం క్యూలోకి జేబులో పెట్టుకుని పోయేరు, జాగ్రత్త. ఎలక్ట్రానిక్ వస్తువేదీ లోపలికి రానివ్వరు, ఫోన్‌తో పాటు దీన్నీ డిపాజిట్ కౌంటర్లో ఇచ్చి రసీదు తీసుకోండి.