చుక్క గట్టిపడేలోపే: మైక్రోస్ఫియర్ల తయారీలో మెలకువలు
(మహబూబ్‌నగర్‌లో ఎం.ఫార్మసీ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నెలకోసారి వేసే ఇంజెక్షన్ సీసాలో పైకి కనిపించేది తెల్లటి పొడి. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే గోలీల కుప్ప. ఒక్కో గోలీ అడ్డం 20 నుంచి 100 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందానికి కాస్త అటూ ఇటూ. లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలు గొలుసు కట్టిన పీఎల్‌జీఏ అనే పాలిమర్‌తో చేసిన గోలీలివి, వీటినే మైక్రోస్ఫియర్లంటాం. ఒంట్లో నీరు తగిలే కొద్దీ గొలుసు తెగుతుంది, మందు బయటికొస్తుంది, పాలిమర్ చివరికి నీరు, కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడే లూప్రాన్ డిపో 1989లో అమెరికాలో అనుమతి పొందింది ఈ దారిలోనే.

పాలిమర్, మందు కలిపిన ద్రావణపు చుక్క గోలీగా గట్టిపడే ఆ కొద్ది నిమిషాల్లోనే నెల రోజుల విడుదల చాలావరకు ఖాయమైపోతుంది. అందుకే ఇవాళ ఎక్కువసేపు అక్కడే ఆగుదాం.

ముందు పీవీఏ, అంటే చుక్కలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసే పాలీవినైల్ ఆల్కహాల్, ద్రావణం. 87 నుంచి 89 శాతం హైడ్రోలైజ్ అయిన గ్రేడ్ తీసుకోండి. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌కు 1 గ్రాము. బోరు నీళ్లు ఎలాగూ వాడరు, ఆర్‌ఓ క్యాన్ నీళ్లూ వద్దు. పొడిని చల్లటి నీళ్లలో కలుపుతూ చల్లి, ఆ తర్వాతే 85 డిగ్రీలకు వేడిచేయాలి. మరిగే నీళ్లలో ఒక్కసారి పోస్తే ఉప్మాలో రవ్వలా ఉండలు కడుతుంది, గంటలు కలిపినా విడదు. చల్లారాక వడగట్టి, 15 డిగ్రీల లోపు ఉంచండి.

రెండోది పాలిమర్ ద్రావణం. 50:50 రకం (రెండు ఆమ్లాలూ సమానంగా ఉన్న) పీఎల్‌జీఏ 500 మి.గ్రా., దాన్ని కరిగించే ద్రావకం డైక్లోరోమీథేన్ 5 మి.లీ., నీళ్లలో అంతగా కరగని మందు 100 మి.గ్రా. గాజు సీసాలోనే కరిగించండి. పాలీస్టైరీన్ ప్లాస్టిక్ పిపెట్ ముంచితే అదీ కరిగి మీ గోలీల్లో కలుస్తుంది. ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. నైట్రిల్ గ్లోవ్స్‌ను ఈ ద్రావకం కొద్ది నిమిషాల్లోనే దాటిపోతుంది, ఒలికితే వెంటనే మార్చేయండి.

పీవీఏ ద్రావణంలో హోమోజెనైజర్ (వేగంగా చిలికే యంత్రం) 3000 ఆర్‌పీఎం మీద తిరుగుతుండగా, పాలిమర్ ద్రావణాన్ని సిరంజితో నీటి మట్టం కింద, తిరిగే తల దగ్గరగా వదలండి. ఒక నిమిషం చాలు, చుక్కలు చుక్కలుగా విడిపోయి పాలలా తెల్లబడుతుంది. ఇదే ఎమల్షన్. వేగం పెంచితే గోలీ చిన్నదవుతుంది, పాలిమర్ చిక్కబడితే పెద్దదవుతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. 100 మి.లీ. నీళ్లలో డైక్లోరోమీథేన్ కరిగేది 1 మి.లీ.కి కాస్త పైన మాత్రమే. మనం పోసింది 5. మిగిలినదంతా నీటి ఉపరితలం నుంచి ఆవిరయ్యే కొద్దీ, మెల్లగా పోవాల్సిందే. అంతసేపూ చుక్క మెత్తగా ఉంటుంది, మందు బయటికి జారుతూనే ఉంటుంది. అదే ఎమల్షన్‌ను 0.1 శాతం పీవీఏ ఉన్న మరో 400 మి.లీ. చల్లటి నీళ్లలోకి వంపితే, దాదాపు ద్రావకమంతా కరిగే చోటు దొరుకుతుంది. చుక్క మీద పాల మీగడలా పొర కడుతుంది, మందు లోపలే చిక్కుకుంటుంది. కానీ చుక్కలు విడిపోకముందే వంపితే వంకర టింకర ముక్కలొస్తాయి.

పొర కట్టినంత మాత్రాన పని అయిపోలేదు. లోపల ఇంకా ద్రావకం ఉంది. 300 నుంచి 400 ఆర్‌పీఎం మీద 3, 4 గంటలు కలపాలి. పైనుంచి దిగే ప్యాడిల్ మేలు. అడుగున తిరిగే అయస్కాంతపు బిళ్ల గట్టిపడ్డ గోలీలను నూరేస్తుంది. మొదటి గంటలో కరెంటు పోయి స్టిర్రర్ ఆగిందా, మెత్తటి గోలీలన్నీ అడుగున అతుక్కుని ముద్దవుతాయి. ఇంకోటి మన ఎండ. డైక్లోరోమీథేన్ మరిగేది దాదాపు 40 డిగ్రీలకు. పాలమూరు మే నెలలో ఏసీ లేని గది ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. పొర కట్టాక లోపలి ద్రావకం మరిగితే గోలీ పూరీలా పొంగి, చిల్లులు పడుతుంది. ఆ చిల్లుల్లోంచే మొదటి రోజు మందు ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకే చల్లగా మొదలుపెట్టి, చివరి గంటలోనే 25 డిగ్రీలకు పెంచండి.

పెప్టైడ్ల (చిన్న ప్రొటీన్ ముక్కల) లాంటి నీళ్లలో కరిగే మందుకు ఈ పద్ధతి పనికిరాదు, మందంతా బయటి నీళ్లలోకి పోతుంది. దాన్ని 0.5 మి.లీ. నీళ్లలో కరిగించి, మంచులో పెట్టిన పాలిమర్ ద్రావణంలో శబ్ద తరంగాలతో చిలికే ప్రోబ్ సోనికేటర్‌తో 30 సెకన్లు కలిపి, ఆ ఎమల్షన్‌ను పీవీఏలోకి వదలాలి. లోపలి నీళ్లలో లవణం ఎక్కువుంటే బయటి నీటిని లాక్కుని గోలీ గుల్లబారుతుంది. బయట కూడా కాస్త ఉప్పు వేసి సరితూగించాలి.

జల్లెడ పట్టి, చల్లటి నీళ్లతో మూడుసార్లు కడిగి, ఫ్రీజ్ డ్రయర్‌లో ఆరబెట్టండి. ఓవెన్ జోలికి పోవద్దు. ఈ పాలిమర్ 45, 50 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది, తడి ఉంటే ఇంకా ముందే. మిగిలిన డైక్లోరోమీథేన్ 600 పీపీఎం (పది లక్షల్లో 600 వంతులు) దాటకూడదని మందుల ప్రమాణాలు చూసే అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ మార్గదర్శకం. ద్రావకం ఎంత మిగిలిందో కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయకుండా పొడి పొడిగా ఉందని నమ్మకండి.

లెక్క చూద్దాం. 600 మి.గ్రా.లో 100 మందు, అంటే 16.7 శాతం ఉండాలి. 10 మి.గ్రా. గోలీల్లో మందును కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష 1.3 మి.గ్రా. చూపితే, లోపల నిలిచింది 78 శాతం. ఫరవాలేదు.

విడుదల పరీక్షకు పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్, 37 డిగ్రీలు. బూజు పట్టకుండా 0.02 శాతం సోడియం అజైడ్, గోలీలు తేలకుండా అంతే ట్వీన్ 20 (సబ్బులా తడిపే పదార్థం). తేలిన గోలీలు తడవవు, తక్కువ విడుదల చూపించి మోసం చేస్తాయి. బఫర్ మార్చకుండా వారాలు వదిలేస్తే తెగిన ఆమ్లాలు పీహెచ్‌ను దించి, పాలిమర్‌ను ఇంకా వేగంగా తెంపుతాయి. మొదటి రోజు కొంత మందు వచ్చి, తర్వాత కొన్నాళ్లు దాదాపు ఏమీ రాకపోతే కంగారు పడొద్దు. మానసిక జబ్బుల మందు రిస్పెరిడోన్‌తో చేసిన రిస్పెర్డాల్ కాన్‌స్టా అనే మైక్రోస్ఫియర్ ఇంజెక్షన్‌లో ప్రధాన విడుదల మొదలయ్యేది మూడు వారాల తర్వాతే. అందుకే అన్నాళ్లూ రోగికి మాత్రలు కొనసాగిస్తారు.

పొడిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య, సిలికా జెల్‌తో దాచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తీయకండి. సీసా గది వేడికి వచ్చేదాకా అరగంట ఆగండి. లేకపోతే చల్లటి పొడి మీద గాలిలోని తేమ చేరి, పాలిమర్ సీసాలోనే తెగడం మొదలుపెడుతుంది.