రోమ్‌లో రైలెక్కి ఓడ దాకా: చివిటావెక్కియా ప్రయాణంపై ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. మధ్యధరా సముద్రంలో ఓడ ప్రయాణానికి వెళ్లే తెలుగు కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. చాలా ఓడల టికెట్ల మీద బయలుదేరే చోటు ‘రోమ్’ అని రాసి ఉంటుంది కానీ, ఆ ఓడరేవు రోమ్ నగరంలో లేదని ప్రయాణం దగ్గర పడ్డాక గాని చాలామందికి తెలియదు. నగరం నుంచి ఆ రేవుకు రైలులో ఎలా చేరుకోవాలో చెప్పడానికి ప్రయాణ సలహాదారు మన స్టూడియోకు వచ్చారు. మేడమ్, ముందుగా ఆ ఊరి గురించి రెండు మాటలు చెప్పండి.

సలహాదారు: నమస్కారమండి. ఆ ఊరి పేరు చివిటావెక్కియా. రోమ్‌కు వాయవ్య దిశలో, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, టిర్రేనియన్ సముద్రం ఒడ్డున ఉంది. క్రీ.శ. 2వ శతాబ్ది ఆరంభంలో ట్రాజన్ చక్రవర్తి కట్టించిన రేవు అది. రోమ్ నుంచి అక్కడికి రైలుమార్గం 1859లోనే, ఆ ప్రాంతం పోప్ ఏలుబడిలో ఉన్న కాలంలోనే పడింది. కాబట్టి రైలులో వెళ్లడం సాహసమేమీ కాదు, ఆ ఊరివాళ్లు రోజూ ఉద్యోగాలకు వచ్చిపోయే దారి అదే. మనవాళ్లకు ఇబ్బంది ఎదురయ్యేది రైలులో కాదు. రోమ్ స్టేషన్‌లో రైలు ఎక్కే లోపల, అక్కడ దిగాక ఓడ చేరే లోపల ఎదురవుతుంది. అందుకే ఈ రెండు చివరల గురించి ఎక్కువగా మాట్లాడదామనుకుంటున్నాను.

వ్యాఖ్యాత: మొదటి కాల్ విజయవాడ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత, విజయవాడ: నమస్తే మేడమ్. మేము మా అత్తయ్యగారు, మావయ్యగారు, ఇద్దరు పిల్లలతో కలిసి సెప్టెంబరులో వెళ్తున్నాము. ముందు రోజు రాత్రి రోమ్‌లో టెర్మిని స్టేషన్ దగ్గర హోటల్‌లో ఉంటాము. ఓడ సాయంత్రం 5 గంటలకు బయలుదేరుతుంది. కారు మాట్లాడుకోకపోతే కుదరదని మా ట్రావెల్ ఏజెంటు అంటున్నారు, కానీ ఆయన చెప్పిన ధర వింటే గుండె గుభేలుమంది. రైలులో వెళ్లగలమా?

సలహాదారు: తప్పకుండా వెళ్లగలరమ్మా. టెర్మిని నుంచి చివిటావెక్కియాకు ప్రాంతీయ రైలు టికెట్ ఒక్కొక్కరికి సుమారు 5 యూరోలు ఉంటుంది. రైలును బట్టి ప్రయాణం గంట నుంచి గంటంబావు వరకు పడుతుంది. ఇంటర్‌సిటీ వంటి దూరప్రయాణపు రైళ్లు కొంచెం ముందుగా చేరుస్తాయి, వాటిలో సీటు నంబరు కూడా ఇస్తారు, అయితే టికెట్ ధర రెండింతలో మూడింతలో ఉంటుంది. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి కూర్చునే చోటు ఖాయంగా కావాలనుకుంటే ఆ ఖర్చు పెట్టుకోవచ్చు. అలా అని ప్రాంతీయ రైలును తక్కువగా చూడనక్కర్లేదు, ఉదయం రద్దీ తగ్గాక అందులోనూ హాయిగా కూర్చుని వెళ్లవచ్చు.

స్టేషన్‌లో మొట్టమొదట తికమక పెట్టేది రైళ్ల వివరాల బోర్డు. దాని మీద రైలు ఆఖరి స్టేషన్ పేరే పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. మీకు కావలసిన రైలు పీసా దాకానో గ్రోసెటో దాకానో వెళ్లేది కావచ్చు, అప్పుడు చివిటావెక్కియా పేరు పక్కన చిన్న అక్షరాలతో కదిలిపోయే మధ్య స్టేషన్ల వరుసలో మాత్రమే వస్తుంది. ఆ సంగతి తెలియక ఎక్కవలసిన రైలును కళ్లముందే వదిలేసుకునేవాళ్లు ఉన్నారు. అందుకని టికెట్ మీద ఉన్న రైలు నంబరునూ బయలుదేరే సమయాన్నీ బోర్డుతో పోల్చి చూసుకోండి. ‘బినారియో’ అన్న మాట కింద ఉన్న అంకె ప్లాట్‌ఫాం నంబరు. రైలు బయలుదేరడానికి కొద్ది నిమిషాల ముందు గాని ఆ అంకె వేయరు, దానికి కంగారు పడకండి.

ఇక ఆ ప్లాట్‌ఫాం దూరం గురించి చెప్పాలి. ఈ మార్గంలోని ప్రాంతీయ రైళ్లు టెర్మినిలో తరచుగా 25వ నంబరు దాటిన ప్లాట్‌ఫాంల నుంచి బయలుదేరుతాయి. అవి మిగతా వాటితో కలిసి ఒకే వరుసలో ఉండవు, స్టేషన్ పక్క అంచు వెంబడి బాగా లోపలికి నడవాలి. సికింద్రాబాద్‌లో ఒకటో ప్లాట్‌ఫాం నుంచి పదో ప్లాట్‌ఫాంకు పోవడానికి వంతెన మెట్లు ఎంత శ్రమ పెడతాయో, ఇక్కడ నేల మీది నడకే అంత శ్రమ పెడుతుంది. సూట్‌కేసులతో, పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ నడకకు పది పన్నెండు నిమిషాలు పడుతుంది. కాబట్టి నంబరు వేసేదాకా బోర్డు కిందే నిలబడకుండా, రైలుకు అరగంట ముందే ఆ చివరి ప్లాట్‌ఫాంల వైపు వెళ్లి అక్కడి బోర్డు దగ్గర ఆగండి.

శ్రోత, విజయవాడ: టికెట్లు ఇక్కడి నుంచే ఫోనులో కొనుక్కోవచ్చా మేడమ్?

సలహాదారు: కొనుక్కోవచ్చమ్మా, కానీ ఫోనులో కొన్న ప్రాంతీయ రైలు టికెట్‌కు, రైలు ఎక్కే ముందు అదే ఫోనులో చెక్-ఇన్ చేయాలి. టికెట్‌తో పాటు వచ్చిన లింకును నొక్కితే ఆ పని అయిపోతుంది. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫాం దగ్గర గోడకో స్తంభానికో బిగించిన చిన్న యంత్రంలో దూర్చి, తేదీ, సమయం ముద్ర వేయించాలి. మన దగ్గర టికెట్ చేతిలో ఉంటే చాలు, అక్కడ అలా కాదు. ముద్ర లేని టికెట్‌తో రైలులో దొరికితే, డబ్బు పెట్టి కొన్నామన్న సమాధానం చెల్లదు, జరిమానా కట్టవలసి వస్తుంది. సీటు నంబరు ఉన్న ఇంటర్‌సిటీ టికెట్లకు మాత్రం ఈ ముద్ర అవసరం లేదు.

మీ ఓడ 5 గంటలకని అన్నారు. సాధారణంగా ఓడవాళ్లు బయలుదేరడానికి గంట, గంటన్నర ముందే ఎక్కించుకోవడం ఆపేస్తారు, అంటే మీకు అసలు గడువు మూడున్నర. ఉదయం పది, పదకొండు గంటల మధ్య రైలు ఎక్కితే మధ్యాహ్న భోజనం వేళకు రేవులో ఉంటారు. ఒక రైలు తప్పినా మరో రైలు దొరుకుతుంది. పిల్లలకు ఒక ముచ్చట చెప్పండి, రోమ్ నుంచి వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే చివరి భాగంలో సముద్రం కనిపిస్తుంది. అన్ని స్టేషన్లలో ఆగే రైలైతే శాంటా మారినెల్లా తర్వాత వచ్చేదే చివిటావెక్కియా, కాబట్టి అక్కడే సామాను చేతికి తీసుకుని తలుపు దగ్గరకు రండి. ఒక్కటే జాగ్రత్త, టెర్మినిలో ఎవరైనా తమంత తాముగా వచ్చి సామాను మోస్తామనో టికెట్ యంత్రం దగ్గర సాయం చేస్తామనో అంటే, మర్యాదగానే వద్దని చెప్పి పర్సు, పాస్‌పోర్టులు భద్రంగా చూసుకోండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ హనుమకొండ నుంచి.

శ్రోత, హనుమకొండ: నమస్కారమమ్మా. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి మా ఇద్దరికీ టికెట్లు తీసింది. ఓడ ఎక్కే రోజు ఉదయం 8 గంటలకు విమానం రోమ్ విమానాశ్రయం ఫియుమిచినోలో దిగుతుంది, ఓడ సాయంత్రం 6 గంటలకు. విమానాశ్రయం నుంచి ముందు టెర్మినికి వెళ్లి, అక్కడ రైలు మారమని ఎవరో చెప్పారు. అది సరైన దారేనా? ఇంకో మాట, మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు.

సలహాదారు: మాస్టారూ, టెర్మినికి వెళ్లనవసరం లేదు. విమానాశ్రయం నుంచి రెండు రకాల రైళ్లు ఉంటాయి. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ మధ్యలో ఎక్కడా ఆగకుండా అరగంటలో టెర్మినికి పోతుంది, టికెట్ 14 యూరోలు. మీరు ఎక్కవలసింది అది కాదు. ఎఫ్.ఎల్.1 అనే ప్రాంతీయ రైలు ఎక్కి ట్రాస్టెవెరె స్టేషన్‌లో దిగండి, అరగంట లోపే చేరుస్తుంది. అక్కడ ఎఫ్.ఎల్.5 మార్గపు రైలు ఎక్కితే చివిటావెక్కియా చేరతారు. టెర్మినికి పోతే ఊరు మొత్తం దాటి, మళ్లీ వచ్చిన వైపే వెనక్కి రావాలి. విమానాశ్రయంలోనే చివిటావెక్కియా దాకా టికెట్ అడగండి. ట్రాస్టెవెరెలో ప్లాట్‌ఫాం మారడానికి నేల కింది దారిలో దిగి ఎక్కాలి కాబట్టి, మేడమ్‌గారి చేతిలో బరువు లేకుండా చూసుకుని, వెంటనే వచ్చే రైలు కోసం పరుగెత్తకుండా దాని తర్వాతి రైలుకు వెళ్లండి.

మనసులో మాట చెప్పాలంటే, ఓడ ఎక్కే రోజే విమానం దిగడం నాకు బొత్తిగా నచ్చదు. దోహాలోనో దుబాయిలోనో ఒక విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు, మిమ్మల్ని తర్వాతి రేవులో అందుకోమంటారు, దాని ఖర్చంతా మీదే. ఒక్క రోజు ముందే దిగేలా విమానం తేదీ మార్చడానికి వీలుందేమో అమ్మాయిని అడగండి. వీలు కాదంటే ఒక హద్దు పెట్టుకోండి. మధ్యాహ్నం ఒంటి గంటకు కూడా మీరు విమానాశ్రయం నుంచి బయటపడకపోతే, అప్పుడు రైళ్లు మారే ఆలోచన మాని టాక్సీ ఎక్కండి. వంద యూరోలు దాటుతుంది, అయినా ఆ పరిస్థితిలో అది దండగ ఖర్చు కాదు.

శ్రోత, హనుమకొండ: మంచిదమ్మా. రైలు దిగాక ఓడ ఎంత దూరంలో ఉంటుంది?

సలహాదారు: అడగవలసిన ప్రశ్న అడిగారు. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా సముద్రం, దూరంగా ఓడల తెల్లని అంతస్తులు కనిపిస్తాయి. ఇంకేముంది, వచ్చేశాం అనిపిస్తుంది. కుడివైపు తిరిగి తీరం వెంబడి నడిస్తే పది పదిహేను నిమిషాల్లో మైకెలాంజిలో పేరున్న పాత కోట వస్తుంది, రేవు ద్వారం అక్కడే. కానీ పెద్ద ఓడలు ఆగే చోటు అక్కడి నుంచి ఇంకా చాలా లోపల ఉంటుంది. ప్రయాణికులను ఓడల దగ్గరికి ఉచితంగా చేర్చే బస్సులు లార్గో దెల్లా పాచే అనే చోటు నుంచి బయలుదేరుతాయి. అది స్టేషన్‌కు దాదాపు రెండు కిలోమీటర్లు. అక్కడి దాకా స్టేషన్ ముందు నుంచి డబ్బు కట్టి ఎక్కే బస్సు ఉంటుంది, మీరిద్దరూ నడక పెట్టుకోకుండా ఆ బస్సే ఎక్కండి. ఉచిత బస్సు ఎక్కే ముందు దాని మీద మీ ఓడ పేరు ఉందో లేదో చూడండి, ఎందుకంటే ఒకే రోజు నాలుగైదు ఓడలు ఉండవచ్చు, ఒక్కొక్కటి రేవులో ఒక్కో చోట. టాక్సీ అయితే ఎక్కక ముందే ధర మాట్లాడుకోండి.

వ్యాఖ్యాత: అమెరికాలోని డాలస్ నుంచి ఒక శ్రోత లైన్‌లో ఉన్నారు.

శ్రోత, డాలస్: నమస్కారం మేడమ్. ఇటలీలో రైల్వే సమ్మెలు తరచుగా జరుగుతాయని విన్నాను. మా అమ్మానాన్నలు వెళ్లే రోజే సమ్మె వస్తే ఏం చేయాలి?

సలహాదారు: సమ్మెలు జరుగుతాయి బాబూ, కానీ అక్కడ చెప్పకుండా చేయరు. 1990 నాటి చట్టం ప్రకారం, అత్యవసర సేవల్లో సమ్మెకు కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ తేదీలను అక్కడి రవాణా మంత్రిత్వ శాఖ తన వెబ్‌సైట్‌లో ప్రకటిస్తుంది. ‘షోపెరో’ అన్న మాట కనిపిస్తే అది సమ్మె నోటీసు. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా ప్రాంతీయ రైళ్లు కొన్ని తప్పక నడపాలన్న నియమం ఉంది. మీ అమ్మానాన్నలు ఉదయం 7 గంటల రైలుకు వెళ్లి, రేవు దగ్గర కొన్ని గంటలు కూర్చున్నా నష్టం లేదు. ఆదివారమో పండుగ రోజో అయితే ఆ భరోసా ఉండదు కాబట్టి కారు ముందే మాట్లాడి పెట్టండి.

వ్యాఖ్యాత: చివరి కాల్ విశాఖపట్నం నుంచి.

శ్రోత, విశాఖపట్నం: మేడమ్, మా ఓడ బార్సిలోనాలో బయలుదేరి ఒక్క రోజు చివిటావెక్కియాలో ఆగుతుంది. ఉదయం 7 గంటలకు వచ్చి రాత్రి 7 గంటలకు వెళ్తుంది. ఓడవాళ్లు పెట్టే టూర్ కాకుండా, మా అంతట మేమే రైలులో రోమ్ చూసి రావచ్చా?

సలహాదారు: రావచ్చు. దీనికోసం బి.ఐ.ఆర్.జి. అనే ఒక రోజు టికెట్ ఉంటుంది. చివిటావెక్కియా నుంచి ప్రాంతీయ రైళ్లకూ, రోమ్‌లోని మెట్రోకూ, సిటీ బస్సులకూ ఆ రోజు అర్ధరాత్రి దాకా చెల్లుతుంది, ధర సుమారు 12 యూరోలు. రానుపోను రైలు టికెట్లు విడిగా కొంటే పదో పన్నెండో యూరోలు అవుతుంది కాబట్టి, మెట్రో రెండుసార్లు ఎక్కితే చాలు, ఇదే లాభం. వెళ్లేటప్పుడు సాన్ పియెట్రో స్టేషన్‌లో దిగితే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ కూడలికి పావుగంట నడక. కొలోసియం చూడాలంటే ఓస్టియెన్సే స్టేషన్‌లో దిగండి, దాని పక్కనే ఉన్న పిరమిడే మెట్రో స్టేషన్ నుంచి బి లైన్‌లో రెండో స్టాపే కొలోసియం. ఈ రెండూ టెర్మినికి ముందే వస్తాయి కాబట్టి అంత దూరం పోనక్కర్లేదు.

తిరుగు ప్రయాణం మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఓడ నిర్వహించే టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. 7 గంటల ఓడకు ఆరు, ఆరున్నరకే అందరూ ఎక్కి ఉండాలంటారు. ఆ రోజు ఖచ్చితమైన సమయం ఉదయం దిగేటప్పుడే అక్కడి బోర్డు మీద చూసి రాసుకోండి. మధ్యాహ్నం మూడున్నరకు ముందే ఓస్టియెన్సేలోనో సాన్ పియెట్రోలోనో రైలు ఎక్కేయండి. నాలుగు దాటాక ఉద్యోగాల నుంచి ఇళ్లకు తిరిగి వెళ్లేవాళ్లతో ఆ రైళ్లు కిక్కిరిసిపోతాయి, ఎక్కడానికే కష్టమవుతుంది. ఒక వస్తుప్రదర్శనశాల చూడకపోయినా ఫరవాలేదనుకుని, మూడు గంటలకల్లా స్టేషన్ దారి పట్టండి.