పల్స్ ఇన్వర్షన్ చేసినా కాలేయం తెల్లగానే ఉందా? ఇక్కడ చూడండి

నమస్కారం అండి. కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు కాలేజీల్లో అల్ట్రాసౌండ్ మీద ప్రాజెక్టు చేస్తున్నవాళ్ల కోసం ఈ వీడియో. ఆక్టేవ్ (లెక్కలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరిచి పక్కన పెట్టుకోండి.

ముందు బుడగ సంగతి. రక్తం స్కాన్‌లో బాగా కనబడాలని అందులోకి సన్నటి గ్యాసు బుడగలు ఎక్కిస్తారు, సోనోవ్యూ అలాంటి మందు. తెరమీద బుడగలే మెరవాలి, కాలేయం లాంటి కణజాలం నల్లగా ఉండాలి. సోనోవ్యూ బుడగకి పైన ఫాస్ఫోలిపిడ్ పొర, లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గ్యాసు. సగటు వ్యాసం 2.5 మైక్రోమీటర్లు, అంటే ఎర్ర రక్తకణం కంటే చిన్నది. పీడనం తగిలితే ఇది ఉబ్బే తీరు వేరు, కుంచించుకునే తీరు వేరు. అందుకే 2 మెగాహెర్ట్జ్ పంపితే ప్రతిధ్వనిలో 4 కూడా వస్తుంది, దీన్నే రెండో హార్మోనిక్ అంటారు. కణజాలం మాత్రం, పీడనం తక్కువగా ఉన్నంతసేపూ, పంపినదాన్నే తిప్పి పంపుతుంది.

కాబట్టి ఒక పల్స్, దాని వెనకే తలకిందులు చేసిన పల్స్ పంపి, రెండు ప్రతిధ్వనులూ కూడండి. ఇదే పల్స్ ఇన్వర్షన్. కణజాలం సున్నా అవుతుంది, బుడగ రెండో హార్మోనిక్ రెట్టింపవుతుంది. కూడాల్సింది ముడి ఆర్‌ఎఫ్ లైన్లనే (ప్రోబ్ అందుకున్న తరంగాన్ని ఉన్నదున్నట్టే) సుమండీ. ఎన్వలప్ (తరంగం ఎత్తును మాత్రమే చూపే గీత) తీశాక కూడితే ఫేజ్ (తరంగం ఎప్పుడు పైకి, ఎప్పుడు కిందికి అన్న సమాచారం) పోయి ఏదీ రద్దవదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

సరిగ్గా కూడినా కాలేయం కనబడుతోందా? అయితే కదలిక. సఖినేటిపల్లి రేవులో కదిలే పంటు మీంచి వెంటవెంటనే రెండు ఫొటోలు తీసి ఒకదానిమీదొకటి పెట్టండి, ఒడ్డు కలవదు. ఇదీ అంతే. పల్స్‌కీ పల్స్‌కీ మధ్య 250 మైక్రోసెకన్లు అనుకుందాం. కణజాలం ప్రోబ్ వైపు సెకనుకి 5 సెంటీమీటర్లు జరిగితే, రానుపోను దారి 25 మైక్రోమీటర్లు మారుతుంది. 2 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 770 మైక్రోమీటర్లు. అంటే ఫేజ్ తేడా 0.2 రేడియన్. కణజాలం ఒక్క పల్స్ ప్రతిధ్వని కంటే 14 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది! సెకనుకి 1 సెంటీమీటరే అయితే 28 దాకా తగ్గుతుంది.

దీనికి మందు మూడు పల్స్‌లు: మామూలుది, తలకిందులది, మళ్లీ మామూలుది. కూడేటప్పుడు బరువులు 1, 2, 1. సమవేగంతో జరిగే కదలిక దాదాపు కొట్టుకుపోతుంది, పై లెక్కలో 14 కాస్తా 28 అవుతుంది. ఒక్క పల్స్‌తో తీసేదానితో పోలిస్తే ఫ్రేమ్ రేటు మూడో వంతుకి పడిపోతుంది, అది భరించాలి.

లోతుగా చూడాలంటే 4 మెగాహెర్ట్జ్ దారిలోనే బాగా తగ్గిపోతుంది. అప్పుడు పూర్తి బలంతో ఒకటి, సగం బలంతో ఒకటి పంపి, రెండోదాన్ని రెట్టింపు చేసి మొదటిదాన్నుంచి తీసేయండి. బుడగ సిగ్నల్ 2 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా మిగులుతుంది.

చివరగా మెకానికల్ ఇండెక్స్, అంటే పల్స్ బుడగల్ని ఎంత గట్టిగా కుదుపుతుందో చెప్పే అంకె. మెగాపాస్కల్స్‌లో ఋణ పీడన శిఖరాన్ని, మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ వర్గమూలంతో భాగించాలి. 2 మెగాహెర్ట్జ్‌కి 0.1 కావాలంటే 0.14 మెగాపాస్కల్స్. బాగా దాటితే బుడగలు పగులుతాయి, కణజాలం కూడా సొంతంగా హార్మోనిక్ పుట్టిస్తుంది, దాన్ని ఈ కూడికలు తీసేయలేవు. అందుకే బుడగలు ఎక్కించకముందు అదే సెట్టింగులో ఒక క్లిప్ తీసుకోండి. తెర దాదాపు నల్లగా ఉండాలి. అక్కడ మెరిసేదేదైనా బుడగ కాదు.