పాతిక మీటర్ల దూరంలో నంబర్ ప్లేటు

అందరికీ నమస్కారం. రోడ్డు భద్రత గురించి మాట్లాడమన్నారు. హెల్మెట్, సీటు బెల్టు, స్పీడు సంగతులు మీరు నాకంటే ఎక్కువే విని ఉంటారు. నేను కళ్ల గురించి మాట్లాడతాను, మీ దగ్గర పనిచేస్తూ బండి నడిపేవాళ్ల కళ్ల గురించి.

చాలా ఏళ్లు ఒక ఐటీ కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ చూశాను. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రాత్రి పికప్‌లు, డ్రాప్‌లు. ఓ క్యాబ్ రోజూ ఆలస్యమవుతోందని ఫిర్యాదులొస్తే, ఒక రాత్రి నేనే ఎక్కి కూర్చున్నాను. డ్రైవరు ట్రిప్ షీటును చెయ్యి బారుగా చాచి పట్టుకుని, తల వెనక్కి వాల్చి చదువుతున్నాడు. అది సరే, నలభై దాటాక చత్వారం ఎవరికైనా వస్తుంది. కానీ నానక్‌రామ్‌గూడ దాటాక ఎదురుగా లారీ లైటు పడ్డప్పుడల్లా బండి దాదాపు ఆపేస్తున్నాడు. స్పీడ్ బ్రేకర్ ఉందని అది ఎగరేశాక గానీ తెలియట్లేదు. "అన్నా, కళ్లు చూపించుకున్నావా?" అన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "అద్దాలు పెట్టుకుంటే ముసలోడయిండు అంటరు సార్. బండి వేరేటోడికిస్తరు."

పరీక్ష చేయిస్తే కుడికంట్లో శుక్లం. ఆపరేషన్ అయింది, చూపు వచ్చింది. కానీ మూడు వారాలు బండి ఎక్కలేదు కాబట్టి రూపాయి రాలేదు. కంపెనీ క్యాబ్‌లు పెట్టే వెండర్ని చూపించింది, వెండరు అగ్రిమెంటు చూపించాడు. నేను మధ్యలో నిలబడి మెయిల్స్ పెట్టాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

అతని లైసెన్సు జిరాక్సు మాత్రం నా ఫైల్లో భద్రంగా ఉంది, గడువు కూడా తీరలేదు. మనలో చాలామందికి బాధ్యత అంటే ఆ జిరాక్సే. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఇప్పుడు ఐదేళ్లకోసారి రెన్యువల్. అప్పుడు ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం కావాలి. పాతిక మీటర్ల దూరం నుంచి, మంచి పగటి వెలుతురులో, కారు నంబర్ ప్లేటు పోల్చుకోగలడా అన్నది అందులో ఒక ప్రశ్న. మరి మన క్యాబ్‌లు తిరిగేది రాత్రి రెండు గంటలకు! గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ పాతిక మీటర్లు ఒకటిన్నర సెకన్లలో అయిపోతాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో పోతే ఒక్క సెకను కూడా పట్టదు.

ఐదేళ్లలో కంటికి ఏమైనా కావచ్చు. షుగర్ ఉంటే రెటీనా దెబ్బతినొచ్చు. నీటికాసులు, అంటే గ్లాకోమా, మరీ మోసం. అది ముందు పక్కచూపును తినేస్తుంది, ఎదుటి చూపు బాగానే ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదు. గోడమీది అక్షరాల చార్టు గడగడా చదివేస్తాడు, పక్క సందులోంచి వచ్చే స్కూటర్ మాత్రం కనపడదు. అందుకే ఏడాదికోసారి కంటి డాక్టరుకే చూపించాలంటాను.

డ్రైవరంటే క్యాబ్ డ్రైవరొక్కడే కాదు. బైకు మీద ఊరంతా తిరిగే సర్వీసు ఇంజనీర్లు, కలెక్షన్ కుర్రాళ్లు, సొంత కారులో సైట్లు చూసొచ్చే మేనేజర్లూ మీ పని మీదే బండి నడుపుతున్నారు. నలభై లోపు వాళ్ల మామూలు లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు, నా చూపు బాగుందని తనే రాసిచ్చుకుంటే చాలు. ఉద్యోగి మీ పని మీద ఉండగా నిర్లక్ష్యంగా నడిపి ప్రమాదం చేస్తే పరిహారం కేసు యజమాని గుమ్మం ఎక్కుతుంది.

ఉచిత పరీక్షలు లేవా అంటారు. ఉన్నాయి. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు క్యాంపుల్లో ఎంతోమందికి అద్దాలిచ్చారు. కానీ క్యాంపు పగలు పెడతారు, రాత్రంతా నడిపినవాడు పగలు పడుకుంటాడు. అతను పోలేదని తప్పుపట్టే ముందు జీతంతో ఒక పూట సెలవివ్వండి.

అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. పరీక్షలో ఫెయిలైతే పని పోతుందని తెలిస్తే ఎవరూ నిజం చెప్పరు, చార్టు బట్టీపట్టి వస్తారు. తెలంగాణ ఆర్టీసీ డ్రైవరొకరికి వైద్య పరీక్షలో వర్ణాంధత్వం, అంటే రంగులు సరిగా పోల్చుకోలేకపోవడం, తేలి ఉద్యోగం పోయింది. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అతనికి తగిన వేరే పని ఇవ్వాలని ఆదేశించింది. మీరు అంతదాకా లాగొద్దు. అద్దాల ఖర్చు మాది, ఆపరేషనైతే ఆ రోజుల డబ్బు మాది, చూపు మరీ తగ్గితే యార్డులోనో డిస్పాచ్‌లోనో పని ఇస్తాం అని పరీక్షకు ముందే కాగితం మీద రాసివ్వండి. వెండర్ అగ్రిమెంటులోనూ అదే మాట పెట్టండి. ఖర్చంటారా, ఒక బంపర్ మార్చిన బిల్లు తీసి పక్కన పెట్టుకుని లెక్క చూడండి.

రేపే మొదలుపెట్టాలంటే ఆఫీసు పార్కింగులో టేపు పెట్టి పాతిక మీటర్లు కొలిచి గీత గీయండి. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు, అనుమానం రావడానికి మాత్రమే. ముందు మీరే నిలబడండి. నేను నిలబడిన రోజు మా డ్రైవర్లంతా చుట్టూ చేరారు. ప్లేటు మీది 8ని నేను బి అని చదివాను. ఎవరూ నవ్వలేదు గానీ, ఆ వారమే మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో లైన్లో నిలబడ్డాను. నా వెనక మా డ్రైవర్లు ఇద్దరున్నారు.